పాటకు నెలజీతం

విజయనగరంలో పదిమంది చేరి సంగీతం ఊసెత్తితే ద్వారం వెంకటస్వామినాయుడుగారి కథ రాకుండా ఉండదు. 1919లో మహారాజావారు ఇక్కడ గానపాఠశాల పెట్టారు. విశాఖపట్నంలో అన్నగారి దగ్గర ఫిడేలు నేర్చుకున్న ఇరవయ్యారేళ్ళ నాయుడుగారు అందులో విద్యార్థిగా చేరదామని వచ్చారట. చూపు అంతంతమాత్రం. దానివల్లే బడిచదువు మధ్యలో ఆగిపోయింది. పాఠశాలకు ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు, హరికథా పితామహుడని లోకం ఎవర్ని అంటుందో ఆయనే. వాయించమన్నారు, విన్నారు. విన్నాక ఆ కుర్రవాణ్ణి విద్యార్థిగా కాదు, ఫిడేలు ఆచార్యుడిగా తీసుకున్నారు.

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా నాయుడుగారి కమాను పనితనం దగ్గరే ఆగిపోతారు. నా మనసు మాత్రం ఆ ఉద్యోగం మీద నిలుస్తుంది. ఆయన్ని మెచ్చుకుని, శాలువా కప్పి, రైలెక్కించి పంపెయ్యొచ్చు. అలా చెయ్యలేదు. నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే ఏర్పాటు చేశారు. ఇంకా పేరు రాని కళాకారుడికి ఒక ఊరు చెయ్యగలిగిన సాయాల్లో ఇంతకు మించినది నాకు ఇప్పటిదాకా కనపడలేదు.

నెలజీతం ఉన్నవాడు ఇంటద్దె కట్టగలడు. వచ్చే కచేరీ ఎవరిస్తారా అని ఇంటింటి గుమ్మం ఎక్కక్కర్లేదు. తెల్లవారుజామున లేచి సాధన చేసుకోవచ్చు. ఎదురుగా శిష్యులు కూచుంటారు కాబట్టి తనకి తెలిసిందే మళ్ళీ విప్పి చూసుకోవలసి వస్తుంది. ఆ రోజుల్లో మన కచేరీల్లో ఫిడేలు పక్కవాద్యం, గాయకుడి వెంట నడవడమే దాని పని. దాన్ని వేదిక నడిమధ్య కూచోబెట్టి, ఫిడేలు ఒక్కటే వినడానికి జనం టిక్కెట్టు కొనేలా చేసినవారిలో నాయుడుగారు ముందువరసలో ఉంటారు. అలాంటి మార్పు ఒక సీజనులో రాదు. 1936లో అదే కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదిచ్చింది. మొదటి జీతానికీ ఆ బిరుదుకీ మధ్య ఇరవై రెండేళ్ళు. బిరుదు మద్రాసుది కావచ్చు, ఆ ఇరవై రెండేళ్ళూ విజయనగరానివి.

అసలు ఆ పాఠశాల పుట్టుక గురించి కూడా మా ఊళ్ళో ఒక మాట ఉంది. దివాణంలో పనిచేసే ఒక ఉద్యోగి, చూపులేని తన కొడుక్కి సంగీతం చెప్పించమని మహారాజా విజయరామ గజపతిరాజు వారిని అడిగారనీ, ఒక్క పిల్లాడికి గురువుని కుదర్చడం కన్నా అందరికీ పనికొచ్చే బడి పెడదామని ఆయన అనుకున్నారనీ చెప్పుకుంటారు. ఒక ఇంటి అవసరం కనిపిస్తే దాన్ని ఊరి ఏర్పాటుగా మార్చడం అంటే అదీ. ఆ బడే ఇవాళ మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. నూరేళ్ళు దాటింది.

ఇప్పుడు రెండో కథ. ఇది ఇంకా ఎక్కువమందికి తెలుసు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు, తండ్రి పోయాక, సంగీతం నేర్చుకోవాలని ఉంగరం అమ్ముకుని విజయనగరం వచ్చాడు. వచ్చేసరికి కళాశాలకు వేసవి సెలవులు. నాయుడుగారు జాలితలచి ఉండటానికి చోటిచ్చారు. ఆ తరవాత ఆ నీడ కూడా పోయిన రోజులున్నాయి. భుజాన జోలె కట్టుకుని ఇంటింటికీ మధూకరానికి వెళ్ళాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు, సాలూరు చిన్న గురువుగారని అందరూ పిలుచుకునే మనిషి, పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు.

ఈ మధూకరం సంగతి మనం చాలా ముచ్చటగా చెప్పుకుంటాం. ఆకలే ఆయన గొంతుకి ఆ ఆర్ద్రత తెచ్చిందనే వ్యాసాలు నేను చాలా చదివాను. ఈ మాట నాకు గుచ్చుకుంటుంది. ఆకలి ఎవరి గొంతుకీ ఏమీ ఇవ్వదు. ఆకలి వేసినవాడికి మొదట పోయేది ఊపిరి బలం. గొంతెత్తి పై షడ్జం అందుకుని నిలవాలంటే పొట్టలో అన్నం ఉండాలి. ఆ కుర్రవాణ్ణి నిలబెట్టింది ఆకలి కాదు, ఆకలి తీర్చిన ఇళ్ళు. వీధుల్లో, అగ్రహారాల్లో, జోలెలో ఇంత అన్నం వేసిన ఇల్లాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. చిన్న గురువుగారి ఓపిక ఉంది. కళాశాల గోడలున్నాయి. ఆ రోజుల్లో అదే జోలె పట్టుకుని తిరిగి, ఎవరూ తలుపు తియ్యక, గంజి లేక, తిరుగు రైలెక్కేసిన పిల్లలు ఎంతమందో. వాళ్ళ గొంతులు మనం వినలేదు కాబట్టి వాళ్ళు లేరనుకుంటున్నాం.

చదువు పూర్తయింది. పట్టా చేతికొచ్చింది. మరి తరవాత? ఇక్కడే కథ అసలు ముడి ఉంది. ఘంటసాల సొంతూరు వెళ్ళారు, క్విట్ ఇండియా ఉద్యమంలో దూకి జైలుకెళ్ళారు, పెళ్ళి చేసుకున్నారు. సినీరచయిత సముద్రాల రాఘవాచార్యగారి మాట మీద మద్రాసు వెళితే అక్కడ గొంతు బాగులేదన్న గ్రామఫోను కంపెనీ ఉంది, రాత్రిళ్ళు పడుకున్న పానగల్ పార్కు ఉంది. రేడియోలో అప్పుడప్పుడు ఒక పాట, సినిమాల్లో బృందగానంలో ఒక గొంతు. ‘స్వర్గసీమ’ 1945లో వచ్చేదాకా ఇదే బతుకు. విజయనగరంలో నాయుడుగారికి దొరికినది ఘంటసాలకు మద్రాసులో దొరకలేదు. పాడటం నేర్పే చోటు ఉంది, పాడినందుకు డబ్బిచ్చే చోటు ఉంది. ఈ రెండిటికీ మధ్య ఉన్న ఏళ్ళలో మనిషిని పట్టుకునే చెయ్యి లేదు. సముద్రాల వారింట్లో నీడ దొరకకపోతే ఆ గొంతు ఏ ఊళ్ళో పురాణ కాలక్షేపానికో పరిమితమైపోయేదేమో. తలచుకుంటేనే గుండె జారిపోతుంది.

పేరు వచ్చాక ఆయన మాత్రం తన గురువుని మరిచిపోలేదు. చిన్న గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావుగారు మద్రాసు వెళ్ళి ఘంటసాల వారి దగ్గర దశాబ్దాలపాటు సహాయకులుగా పనిచేశారు. తరవాత వెంపటి చినసత్యంగారి కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం సమకూర్చారు. నూరేళ్ళు బతికి 2021లో వెళ్ళిపోయారు. గురువు ఫీజు లేకుండా చెప్పిన పాఠం ఒక తరం దాటి ఆయన ఇంటికే ఉపాధిగా తిరిగొచ్చిందన్నమాట. వాళ్ళిద్దరి మంచితనం అది. ఎదురయ్యే ప్రతివాడిలోనూ అంత మంచితనం ఉంటుందన్న లెక్క మీద ఏ ఏర్పాటూ కట్టలేం.

మూడో కథకి పెద్దగా ప్రచారం లేదు, నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. 1935లో విజయనగరంలోనే పుట్టిన పులపాక సుశీల ఇదే సంగీత కళాశాలలో డిప్లొమా చేసి మద్రాసు వెళ్ళారు. ఆకాశవాణిలో పాడేవారు. కొత్త గొంతులు కావాలని సంగీత దర్శకులు పెండ్యాల నాగేశ్వరరావుగారు రేడియో వారిని అడిగితే వాళ్ళు పంపినవాళ్ళలో సుశీలగారు ఉన్నారు. అలా ‘కన్నతల్లి’లో 1953లో మొదటి పాట. ఆ తరవాత ఏవీఎం స్టూడియో ఆమెను నెలజీతం మీద పెట్టుకుంది. అంతటితో ఊరుకోలేదు, తమిళ ఉచ్చారణ చక్కబడాలని ఒక పంతులుగారిని కూడా కుదిర్చింది. ఇరవయ్యేళ్ళు నిండీ నిండని మా ఊరి అమ్మాయికి పరాయి ఊళ్ళో మూడూ ఒక్కచోట అమరాయి: రేడియోలో అందరి చెవినా పడే అవకాశం, ఇంటి ఖర్చుకి నెలనెలా జీతం, తనకి రాని విద్య నేర్పే మనిషి. ఏవీఎం వారు ధర్మానికి చెయ్యలేదు, వ్యాపారానికే చేశారు. అయితేనేం? తరవాత తమిళులు ఆమెను తమ అమ్మాయనే అనుకున్నారంటే ఆ పంతులుగారి చలవ కొంత లేదా?

ఈ కళ్ళతో చూడటం మొదలుపెడితే, మనం గొప్పగా చెప్పుకునే చాలా పేర్ల వెనక ఇలాంటి ఒక నెలసరి ఏర్పాటు కనిపిస్తుంది. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారు, మనందరి వపా, ఆయన రంగులకి ‘చందమామ’ ముఖచిత్రం నెలనెలా ఎదురుచూసేది. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టి యువ గాయకుడు గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారిని తీసుకుంది. దాదాపు మూడు దశాబ్దాలపాటు ఆయన పని ఏమిటంటే అన్నమయ్య కీర్తనలకు వరసలు కట్టడం, పాడటం, పదిమందికి నేర్పడం. ఆ జీతం లేకపోతే రాగిరేకుల మీది అన్నమయ్య పదాల్లో ఎన్నో రేకుల మీదే ఉండిపోయేవి. పొద్దున్నే మన ఇళ్ళలో మోగే కీర్తనల్లో ఎన్నో అప్పుడు వరసలు కట్టినవే.

జీతం ఇస్తే కళాకారుడు బద్ధకిస్తాడనీ, యజమానికి ఊడిగం చేస్తాడనీ ఒక వాదన ఉంది. మా ఊళ్ళో కూచుని ఈ వాదన చెయ్యడం కష్టం. గురజాడ అప్పారావుగారు మహారాజా ఆనందగజపతి కొలువులో జీతం తీసుకున్న మనిషే, సంస్థానంలో శాసనాల పరిశోధకుడు. ఆ కొలువులో ఉండగానే ‘కన్యాశుల్కం’ రాశారు. 1892లో విజయనగరంలోనే జగన్నాథ విలాసినీ సభ వారు మొదట ఆడారు. 1897లో అచ్చయితే మహారాజుకే అంకితమిచ్చారు. సంఘంలో పెద్దమనుషులనిపించుకున్నవాళ్ళ గుట్టంతా నడివీధిలో పెట్టిన నాటకం అది. జీతం ఆ కలాన్ని ఎక్కడ మొద్దుబార్చింది?

ఇక ఇవాళ్టి సంగతి.

మా సంగీత కళాశాలలో గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, సన్నాయి, డోలు, నాట్యం చెబుతారు. నాలుగేళ్ళు సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ళు డిప్లొమా. సాయంత్రంపూట ఆ వసారాలో నడిస్తే ఒక గదిలోంచి సరళీస్వరాలు, పక్క గదిలోంచి గజ్జెల మోత, ఇంకో గదిలోంచి డోలు జతులు ఒకదానిమీద ఒకటి వచ్చి పడుతుంటాయి. నేర్పే ఏర్పాటు ఉంది, గురువులున్నారు. ఆరేళ్ళు పూర్తయిన మర్నాడు ఏమిటన్నదే ప్రశ్న.

డోలు నేర్చుకున్న ఒక కుర్రాణ్ణి ఆ ప్రశ్నే అడిగాను. గజపతినగరం వైపు పల్లె. తాతతండ్రుల నుంచీ మేళం వాళ్ళే. కుడిచేతి వేళ్ళకి తొడుగులు వేసుకుని, ఎడమచేత్తో పుల్ల పట్టుకుని కూచున్నాడంటే ఎదటివాడికి ఒళ్ళు పులకరించాలి, అంత వేగం, అంత స్పష్టత.

“కోర్సైపోనాది మాస్టారూ. మరింకేటి సెయ్యమంతారు? పెళ్ళిల్ల సీజన్లో పర్లేదు. ఆసాడం కాళీ. భాద్రపదం కాళీ. పుస్యం కాళీ. మూఢమొచ్చిందంటే మరి సెప్పక్కర్లేదు.”

“మరి ఖాళీ రోజుల్లో?”

“తాపీ పనికి రమ్మంతారు. ఎల్తే కూలొస్తాది. గానీ సిమెంటు పిసికితే ఏళ్ళు పాడైపోతాయి కదండీ. మొన్న పదిరోజులెల్లొచ్చాను. మళ్ళీ సెయ్యి దారికి రాడానికి నెల్లాల్లు పట్టింది.”

ఈ మాట విన్నాక నాకు చాలాసేపు ఇంకేమీ తోచలేదు. అతని చేతి వేళ్ళు చూపించాడు. చివళ్ళు పగిలి, గోళ్ళ చుట్టూ సున్నం తిన్న తెల్లటి చారలు. ఆరేళ్ళు ప్రభుత్వం ఖర్చుపెట్టి తయారుచేసిన వేళ్ళవి. పంటకి ఆరు తడులు పెట్టి, గింజ పాలుపోసుకునే వేళకి నీళ్ళు కట్టేసే రైతు ఎక్కడైనా ఉంటాడా? మనం కళాకారుల విషయంలో చేస్తున్నది సరిగ్గా అదే.

పథకాలు లేవని నేననను. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ లోపు వాళ్ళకి నెలకి 5,000 రూపాయలు, రెండేళ్ళపాటు. చిన్నపిల్లలకు సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ) వారి ప్రతిభాన్వేషణ స్కాలర్‌షిప్పు వేరే ఉంది. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం గురుశిష్య పరంపర పేరుతో గురువుకీ శిష్యులకీ కొంత భత్యం ఇస్తుంది. నలభై ఏళ్ళ లోపు వాళ్ళకి సంగీత నాటక అకాడమీ 2006 నుంచి బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం ఇస్తోంది. ఉద్దేశాలు మంచివే, చేతులెత్తి దండం పెట్టాలి. ఆ నెలకి 5,000 స్కాలర్‌షిప్పులు మాత్రం దేశం మొత్తానికి, అన్ని కళలకీ కలిపి ఏడాదికి 400. దేశంలో జిల్లాలే ఏడువందల పైచిలుకు. జిల్లాకొక కుర్రాడు చొప్పున కూడా రాడు.

దానికి దరఖాస్తు పెట్టాలన్నా గురువు దగ్గర ఇన్నేళ్ళు నేర్చుకున్నానన్న ధ్రువపత్రాలు కావాలి, ఇంగ్లీషులో నింపాలి, ఎక్కడో ఊళ్ళో పరీక్ష అధికారుల ముందు వాయించాలి. సంగీత కళాశాల పిల్లలకి ఇదంతా ఎవరో ఒకరు చెప్పిపెడతారు. తప్పెటగుళ్ళ బృందంలో కుర్రాడికి ఎవరు చెబుతారు?

తప్పెటగుళ్ళు చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో యాదవులు తరతరాలుగా ఆడుతున్న ఆట ఇది. గుండ్రటి రేకు తప్పెటని గుండెలమీద కట్టుకుని, రెండు చేతులతోనూ దాన్ని వాయిస్తూ, పాడుతూ, ఎగురుతూ ఆడతారు. నడుముకి మువ్వలు. పదిహేను ఇరవైమంది ఒక్క అడుగుతో తిరుగుతారు. ఊపందుకున్నాక ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడి, అలా నిలబడే వాయిస్తారు. గాత్రం, తాళం, నాట్యం, సాము, నాలుగూ ఒకే మనిషి ఒంట్లో ఒకే సమయంలో జరగాలి. దీనికి ఎన్నేళ్ళ సాధన కావాలో వేరే చెప్పక్కర్లేదు. సాధనకి కావలసింది జంట కాదు, బృందం. ఇరవైమందిలో ఐదుగురు ఊరొదిలితే గోపురం లేవదు.

ఒక బృందానికి గురువుగా ఉన్న పెద్దాయన అన్నారు: “కుర్రోళ్ళు రారని నేననను బాబూ. వస్తారు. సంకురాతిరికొస్తారు, ఎగుర్తారు, కనుమెల్లగానే మద్రాసు ఎల్పోతారు. ఆల్నేటని తప్పుపడతాను? నా మనవడే ఎల్పోనాడు.”

మన జిల్లాల్లో వలస కొత్తది కాదు. శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళి పడవలెక్కుతున్నారు. చెన్నైలో, హైదరాబాదులో లేచే మేడల్లో మన చెమట ఉంది. కళ ఆ రైళ్ళలోనే వెళ్ళిపోతోంది. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగకి ఉత్సవాలు పెడతారు, అరసవల్లిలో రథసప్తమికి పెడతారు. తప్పెటగుళ్ళూ ఉంటాయి, డోలు సన్నాయీ ఉంటాయి, జనం విరగబడి చూస్తారు. ఆ కొద్దిరోజుల వెలుగు నాకూ ఇష్టమే. ఏడాదిలో మిగతా రోజుల్లో ఆ ఆటగాడు ఏ ఊళ్ళో, ఏ పరంజా మీద ఉన్నాడో ఆ వేదిక కట్టినవాళ్ళు కనుక్కుంటే బాగుంటుంది.

ఉత్సవాల్లో ఆఖర్న సన్మానాలుంటాయి. శాలువా, పూలదండ, చేతిలో చిన్న బొబ్బిలి వీణ. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేసే సర్వసిద్ధి వారి కుటుంబాలున్నాయి. కుండ నుంచి దండి దాకా అతుకు లేని ఏకాండి వీణ, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాయించే వీణ కొనేవాళ్ళు తక్కువ, జ్ఞాపికగా ఇచ్చే చిన్న వీణ కొనేవాళ్ళు ఎక్కువ. అంచేత పనిచేసే చేతులు ఎక్కువగా ఈ చిన్నవాటి మీదే తిరుగుతాయి. వాటి మీద సంపాదన వస్తుంది, ఆ సంపాదన ఎవరూ తీసిపారెయ్యకూడదు. కానీ పద్దెనిమిదేళ్ళ కుర్రాడు మేళం కట్టడం, మెట్లు సరిచూసుకోవడం, స్వరం పలికిందో లేదో చెవితో పట్టుకోవడం నేర్చుకోవాలంటే పెద్ద వీణలు చెయ్యాలి, కొన్ని పాడవ్వాలి. ఆ పాడైన పనస దుంగల ఖరీదు ఎవరు పెట్టుకుంటారు? సన్మానాల్లో పలకని వీణలు పంచుతున్న మనమే పలికే వీణ ఒక్కటి చేయించి సంగీత కళాశాల పిల్లలకి ఇవ్వొచ్చు కదా అని నాకు ఎన్నిసార్లు అనిపించిందో.

ఒక్క మనిషి పూనుకుంటే ఏమవుతుందో శ్రీకాకుళంలో చూశాం. కాళీపట్నం రామారావు మాస్టారు లెక్కల పంతులుగారు, బడి జీతం మీద బతుకుతూ కథలు రాశారు. పురస్కారాలుగా వచ్చిన సొమ్ము తన ఇంటికి ఖర్చుపెట్టుకోకుండా 1997లో కథానిలయం కట్టారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా ఒక ప్రతి అక్కడ చేరాలన్నది ఆయన పట్టుదల. కొత్తగా రాసే కుర్రవాళ్ళు ఆ గుమ్మం ఎక్కితే తమకి ముందు రాసినవాళ్ళందరూ ఒక్క కప్పు కింద కనిపిస్తారు. ఎవరి మొదటి కథో అడిగి మరీ చదివి, ఎక్కడ బిగువు తగ్గిందో చెప్పేవారు మాస్టారు. రాసేవాడికి అది జీతం కాదు కానీ, జీతమంత అండ.

బయటి ప్రపంచంలో, నేర్చుకోవడానికీ సంపాదించడానికీ మధ్య ఉన్న ఏళ్ళ బాధని కొందరు సూటిగా పట్టుకున్నారు. 1930ల్లో ఆర్థికమాంద్యం రోజుల్లో అమెరికా ప్రభుత్వం చిత్రకారుల్ని కూడా పనిలేని కూలీల్లాగే లెక్కేసి వారంవారం జీతమిచ్చింది. తరవాత ప్రపంచమంతా పేరుపడ్డ జాక్సన్ పొలాక్ అప్పట్లో ఆ జీతం మీద బతికినవాడే. ఐర్లండు 2022లో ఇంకో అడుగు ముందుకేసింది. రెండువేల మంది కళాకారులకి వారానికి 325 యూరోలు, మూడేళ్ళపాటు. అర్హులైనవాళ్ళ పేర్లు చీటీలు తీసినట్టు తీశారు. ఎవరు గొప్పో తేల్చే పని ముందే పెట్టుకోలేదు. ఏం రాశావు, ఏం గీశావు అని లెక్క అడగలేదు. బియ్యం, అద్దె, కరెంటు బిల్లు చూసుకో, మిగతా సమయం నీ పని చేసుకో అన్నారు. ఇరవైలలో ఉన్నవాడి కళ ఏమవుతుందో తీర్పు చెప్పగల నారాయణదాసుగార్లు ఊరికొకరు ఉండరు కాబట్టి, చీటీ తియ్యడంలోనే ఒక న్యాయం ఉందనిపిస్తుంది.

అంత పెద్ద దేశాల లెక్క మనకెందుకంటారా? మన లెక్కే వేద్దాం. నెలకి పదిహేనువేలు, పదిమందికి, ఏడాదికి పద్దెనిమిది లక్షలు. మూడేళ్ళకి యాభై నాలుగు లక్షలు. మన జిల్లాల యంత్రాంగం, దేవస్థానాలు, ఇక్కడి ఫ్యాక్టరీలు, అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళు కలిస్తే ఇది మోయలేని బరువు కాదు. బిరుదులు వద్దు, పోటీలు వద్దు, ఫ్లెక్సీలు వద్దు. సంగీత కళాశాలలో డిప్లొమా ముగించినవాళ్ళూ, తప్పెటగుళ్ళు, తూర్పు భాగోతం బృందాల్లో నిలబడదామనుకునే కుర్రవాళ్ళూ, గొల్లపల్లిలో వీణ పని పట్టుకున్నవాళ్ళూ అందరూ దీనికి అర్హులే. అమ్మాయిలకి సగం వాటా ముందే తీసిపెట్టాలి. పెళ్ళయ్యాక వీణ మూలపెట్టిన ఆడపిల్లలు మా వీధిలోనే ఉన్నారు, ఇంకో ఊళ్ళో లెక్క నాకక్కర్లేదు.

ప్రతిఫలంగా ఏమడగాలి? వారంలో రెండు పూటలు దగ్గరలోని ప్రభుత్వ బడిలో పిల్లలకి చెప్పమనాలి. నాయుడుగారు చేసింది అదే కదా, నేర్చుకుంటూ నేర్పారు. మూఢం రోజుల్లో, శూన్యమాసాల్లో, పెళ్ళిళ్ళు లేనప్పుడు గుళ్ళో సాయంత్రం మేళం వాళ్ళ చేత వాయించమనాలి. విశాఖపట్నం ఆకాశవాణి 1963 నుంచి ఉంది. అక్కడ ఆడిషనుకి కూచోబెట్టి, గ్రేడు తెప్పించే బాధ్యత ఒకరు తీసుకోవాలి. ఆ గ్రేడు ఉంటే పదిచోట్ల తలుపులు తెరుచుకుంటాయి, సుశీలగారికి తెరుచుకున్నది రేడియో తలుపే. పరభాషో, రికార్డింగు పనో, కాంట్రాక్టు కాగితం చదవడమో, తనకి రానిదేదో నేర్పే ఒక మాస్టార్ని కుదర్చాలి.

ఈ ఏర్పాటు ఎవరు పెట్టినా రెండు షరతులు మాత్రం వదులుకోకూడదు. దరఖాస్తు తెలుగులో ఒక్క కాగితం ఉండాలి, రాయలేనివాడు నోటితో చెప్పినా చాలాలి. ఎంపిక చేసేవాళ్ళు ఆఫీసుకి రమ్మనకుండా ఆ కుర్రవాడి ఊరికే వెళ్ళి వినాలి. డోలు నాలుగు గోడల మధ్య కుర్చీలో కూచున్నవాళ్ళ ముందు మోగే వాద్యం కాదు, గోపురం కట్టే ఆట ఫాల్సు సీలింగు కింద ఆడేది కాదు. ఆషాఢంలో వెళితే మరీ మంచిది. సీజను లేని నెలలో ఎవడు ఇంకా ఊళ్ళోనే ఉండి సాధన చేస్తున్నాడో అప్పుడే తెలుస్తుంది, ఎవడు తాపీ పనికి వెళ్ళాడో కూడా అప్పుడే తెలుస్తుంది. తాపీ పనికి వెళ్ళినవాడి పేరు ముందు రాసుకోమంటాను నేను.